అమలాపురం ‘మేష్టారి కొట్టు’: మాయల కథల అరలు, చీటీలు, బైండింగులు

అమలాపురం గడియార స్తంభం సెంటర్‌కి దగ్గర్లో, స్టేషనరీ షాపు మీది మేడగదిలో ఉంటుంది ఈ కొట్టు. బోర్డు మీద పేరంటూ లేదు. ‘కథల పుస్తకములు అద్దెకు ఇవ్వబడును’ అన్న ఒక్క లైను ఉంటుందంతే. నడిపేది రిటైరైన స్కూలు మేష్టారు కాబట్టి పిల్లలకి అది మేష్టారి కొట్టు. ముందు గదిలో నవలలు, వారపత్రికల సీరియళ్ల బైండ్లు ఉంటాయి. అవి ఎక్కడైనా దొరికేవే. చెప్పుకోవాల్సింది లోపలి గది గురించి. పదేళ్ల నుంచి పదహారేళ్ల పిల్లల కోసం అక్కడ నాలుగు ఇనప ర్యాకులు పెట్టారు. మాయలు, మంత్రాలు, రాక్షసులు, వేరే లోకాలు ఉన్న కథలన్నీ, ఇంగ్లీషువీ తెలుగువీ కలిపి, సుమారు 350 పుస్తకాలు ఉన్నాయి.

వీటిని రచయిత పేరునిబట్టో పబ్లిషర్‌నిబట్టో సర్దలేదు. కథ దేని మీద నిలబడిందో ఆ కిటుకునిబట్టి సర్దారు. ‘ప్రాణం దాచిన చోటు’ ఒక అర, ‘మంత్రాల బడి’ ఇంకో అర, ‘తలుపు దాటితే’ మరొకటి. ప్రతి పుస్తకం లోపలి అట్టకి ఒక చీటీ అంటించి, ఈ కథకి ముందు ఏ కథ ఉందో, దీన్ని చూసి తర్వాత ఏది పుట్టిందో చేత్తో రాసిపెట్టారు. పిల్లల పుస్తకాల మీద ఇంత కష్టపడే అద్దె కొట్టు దొరకడమే గొప్ప. ఆ చీటీల్లో ఎక్కువ నిక్కచ్చిగా ఉన్నాయి. కొన్ని తప్పు. ఆ తప్పుల్ని వదిలెయ్యడానికి లేదు. ‘ఫలానా పుస్తకం ఫలానాదానికి కాపీ’ అని పన్నెండేళ్లప్పుడు చదివిన మాట బుర్రలోంచి అంత తేలిగ్గా పోదు.

ముందు లెక్కలు చూద్దాం. డిపాజిట్ 300, మానేసినప్పుడు తిరిగి ఇచ్చేస్తారు. అద్దె వారానికి పుస్తకం ధరలో పదో వంతు, అంటే 400 రూపాయల పుస్తకానికి 40. ఒకసారికి రెండే ఇస్తారు. ఆలస్యమైతే రోజుకి 2 రూపాయలు. సోమవారం సెలవు. గోదావరి లంకల నుంచి వచ్చే పిల్లలకి ఒక మంచి ఏర్పాటు ఉంది: ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక, అంటే నీటిమట్టం 13.75 అడుగులకి చేరితే ఇచ్చేది, ఎగరేసిన రోజు నుంచి దాన్ని దించేదాకా ఆలస్యం లెక్కలోకి రాదు. ఈ మాట గోడ మీద రాసే ఉంది. వారం గడువు మాత్రం లావు పుస్తకాలకి చాలదు. హ్యారీ పోటర్ ఐదో భాగం బ్రిటిష్ ప్రతి 766 పేజీలు. బడీ ట్యూషనూ ఉన్న పిల్లకి అది వారంలో అవదు, రెండో వారం అద్దె పడుతుంది. 500 పేజీలు దాటినవాటికి ఒకే అద్దె మీద రెండు వారాలు ఇవ్వడం న్యాయం.

‘ప్రాణం దాచిన చోటు’ అరతోనే మొదలుపెట్టండి. కొట్టు గొప్పతనమంతా అక్కడుంది. ఎడమ చివర బాలనాగమ్మ కథ, పల్చటి పుస్తకం. బుర్రకథలో విన్నవాళ్లందరికీ తెలిసిందే: మాయల ఫకీరు ప్రాణం వాడి ఒంట్లో ఉండదు, ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో ఉంటుంది. దాని పక్కన రష్యన్ జానపద కథల సంపుటం. అందులో కొషే అనే చావులేనివాడి ప్రాణం సూది మొనలో ఉంటుంది. ఆ సూది గుడ్డులో, గుడ్డు బాతులో, బాతు కుందేలులో, కుందేలు పెట్టెలో. దాని పక్కన హ్యారీ పోటర్ ఆరు, ఏడు భాగాలు. వాటిలో విలన్ తన ఆత్మని ముక్కలు చేసి వస్తువుల్లో దాస్తాడు.

మూడూ వరసగా చదివిన పిల్లకి ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. కిటుకు ఒకటే, మరి తేడా ఎక్కడుంది? ఫకీరు కథలో చిలకకి దూరమే కాపలా. ప్రాణాన్ని అక్కడ పెట్టడానికి వాడికేం ఖర్చయిందో కథ అడగదు. బాలనాగమ్మ వాణ్ని మాటల్లో పెట్టి రహస్యం రాబడుతుంది, కొడుకు బాలవర్ధిరాజు వెళ్లి చిలకని తెస్తాడు, వాడి పని అయిపోతుంది. వినేవాడికి అక్కడ దక్కేది తల్లి తెలివి, కొడుకు తెగువ. పోటర్ రచయిత్రి రౌలింగ్ అదే కిటుక్కి వెల కట్టింది. ఆత్మలో ఒక్కో ముక్క విడదీయాలంటే ఒక హత్య చెయ్యాలి. ముక్కలు పెరిగినకొద్దీ వాడి మొహంలో మనిషి పోలిక పోతుంది. దాచిన వస్తువులన్నీ వాడి గర్వానికి గుర్తులు, కాబట్టి వాడి స్వభావం తెలిసినవాడే వాటిని వెతికి పట్టుకోగలడు. అన్నిటికీ మించి, ఒక ముక్క వాడికే తెలియకుండా హీరోలో పడింది. అంటే ఈసారి చిలక పీక పిసకాలంటే హీరో తన ప్రాణానికి తనే సిద్ధపడాలి. ఇది బాలనాగమ్మలో లేదు, కొషే కథలో లేదు. రౌలింగ్ సొంతం అక్కడుంది.

ఈ అరలో పోటర్ ఏడో భాగం చీటీ మీద ‘మన బాలనాగమ్మ నుంచి తీసుకున్నదే’ అని ఉంది. దాన్ని తీసెయ్యాలి. ప్రాణాన్ని ఒంటి బయట దాచిన రాక్షసుడి కథ ఐర్లండ్ దిక్కు నుంచి ఇక్కడిదాకా లెక్కలేనన్ని భాషల్లో ఉంది. జానపద కథల్ని వర్గీకరించే ఆర్నే–థాంప్సన్–ఊథర్ పట్టికలో దీనికి 302 అని ఒక నంబరే ఉంది. ఎవరి దగ్గర నుంచి ఎవరు తెచ్చుకున్నారో తేల్చలేనంత పాత సంగతి ఇది. ‘ఇదీ అదీ ఒకే ఊటలోవి’ అని రాస్తే సరిపోతుంది. మన కథ గొప్పదని చెప్పడానికి అవతలివాళ్లు దాన్ని దొంగిలించారని చెప్పక్కర్లేదు.

‘మంత్రాల బడి’ అర సగమే సరిగ్గా ఉంది. అక్కడ అమెరికన్ రచయిత్రి ఉర్సులా లెగ్విన్ 1968లో రాసిన ఎర్త్‌సీ మొదటి పుస్తకం పెట్టి, ‘మంత్రాల బడి అసలు ఇది, పోటర్ దీనికి నకలు’ అని చీటీ అంటించారు. ఎర్త్‌సీలో రోక్ అనే దీవి మీద మాంత్రికుల బడి ఉన్న మాట నిజం. అయితే కథ అక్కడ కొన్ని అధ్యాయాలే ఉంటుంది. గెడ్ అనే కుర్రాడు తోటివాడి ముందు గొప్పకి పోయి మంత్రం వేసి ఒక నీడని బయటికి వదులుతాడు. తర్వాత పుస్తకమంతా ఆ నీడ వెంటపడటం, దాన్నుంచి పారిపోవడం. అందులో బడి దాటి వెళ్లిపోవాల్సిన చోటు. పోటర్‌లో బడే ఇల్లు. ఆ ఇల్లు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే పుస్తకం అసలు ఈ అరలో లేనేలేదు. హౌసులు, తోటిపిల్లల మీద అజమాయిషీ చేసే ప్రిఫెక్టులు, ఆటల పోటీలు, ఏడాది చివర కప్పు, అల్లరి మొండి పిల్లవాడు, పక్షపాతం చూపించే టీచరు: ఇవన్నీ ఇంగ్లండ్ బోర్డింగ్ స్కూలు నవలల సరుకు. 1857లో వచ్చిన టామ్ బ్రౌన్ బడి కథ నుంచి అక్కడి పిల్లలు తరతరాలుగా ఇవే చదువుతున్నారు. జిల్ మర్ఫీ 1974లోనే మంత్రగత్తెల బడిలో చదివే పిల్లని పెట్టి కథ రాసింది. రౌలింగ్ 1997లో చేసింది ఏమిటంటే, ఆ హాస్టలు కథనీ, చెడ్డవాడి నీడలో పెరిగే అనాథ కథనీ, ఆధారాలు ఏరుకుంటూ పోయే డిటెక్టివ్ కథనీ కలిపి ఏడు భాగాల పొడుగునా సడలకుండా లాగడం. మూడు పాయలూ పాతవే. కలిసిన చోటు కొత్తది.

ఇదే అరలో నీల్ గైమన్ బొమ్మల కథ ఒకటుంది, 1990ది. కళ్లజోడు పెట్టుకున్న ఇంగ్లీషు కుర్రాడు, వాడి దగ్గర గుడ్లగూబ, వాడు పెద్ద మాంత్రికుడు కాబోతున్నాడన్న మాట. చీటీ మీద ఎర్ర సిరాతో ‘దొంగతనం!’ అని ఉంది. ఇది మరీ అన్యాయం. రౌలింగ్ తన దగ్గర కొట్టేసిందన్న మాటని గైమనే ఒప్పుకోలేదు. ఇద్దరం మాకంటే ముందువాడైన టి.హెచ్. వైట్ దగ్గర తెచ్చుకున్నవాళ్లమే అన్నది ఆయన మాట. వైట్ రాసిన ఆర్థర్ రాజు చిన్ననాటి కథలో మెర్లిన్ దగ్గరా ఒక గుడ్లగూబ ఉంటుంది. కొట్టులో ఆ పుస్తకం లేదు. అది తెప్పించి ఈ రెంటి మధ్యా పెడితే ఎర్ర సిరా అక్కర్లేదు.

‘కాపీ’ అన్న మాట వాడేముందు చట్టం ఏమంటుందో చిన్న కాగితం మీద రాసి గోడకి అంటించినా మంచిదే. మన సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో, ఒక నాటకాన్ని చూసి హిందీ సినిమా తీశారన్న దావాలో, తేల్చి చెప్పింది: ఆలోచనకి, ఇతివృత్తానికి, పురాణ చారిత్రక విషయాలకి కాపీరైట్ లేదు, వాటిని చెప్పిన తీరుకీ అల్లికకీ ఉంది. గీత దాటడమంటే ఏమిటో చూపించడానికి రష్యాలో 2002లో మొదలైన తాన్యా గ్రోటర్ పుస్తకాలు సరిపోతాయి. కళ్లజోడు పెట్టుకున్న అనాథ పిల్ల, మొహం మీద మచ్చకి బదులు పుట్టుమచ్చ, చీపురుకట్టకి బదులు పెద్ద తంత్రీవాద్యం మీద ఎగరడం. 2003లో ఆమ్‌స్టర్‌డామ్ కోర్టు దాని డచ్ అనువాదాన్ని ఆపేసింది. అక్కడ మారింది వస్తువులే. వరస, అమరిక అలాగే ఉండిపోయాయి. పిల్లలకి తేడా చెప్పాలంటే ఇంతకన్నా తేలికైన ఉదాహరణ లేదు.

పుస్తకం అద్దెకి తీసుకునేముందు బెంచీ మీద కూచుని చెయ్యగలిగిన పరీక్ష ఒకటుంది. కథలో మంత్రం మొదటిసారి పనిచెయ్యని చోటు వెతకండి. ఎందుకు పనిచెయ్యలేదో అక్కడ ఒక కారణం కనపడాలి: ఉచ్చారణ తప్పింది, అసలు పేరు తెలియదు, వస్తువు చెయ్యి మారింది, వేసినవాడికి ఓపిక చాల్లేదు. ఆ కారణమే ఇంకో యాభై పేజీల తర్వాత కథని నడిపించాలి. మొదటి వంద పేజీల్లో మంత్రం ఒక్కసారి కూడా ఫెయిలవకపోతే, లేదా ఫెయిలైనా కారణం లేకపోతే, రచయిత వేరేవాళ్ల దగ్గర దండం, టోపీ తెచ్చుకున్నాడు గానీ కట్టుబాటు తెచ్చుకోలేదని అర్థం. అలాంటి కథలో ఎప్పుడు అవసరమైతే అప్పుడు శక్తి పెరుగుతుంది. చివరి యుద్ధంలో కొత్త మంత్రం ఊడిపడుతుంది. పిల్లలకి విసుగొచ్చేదీ అక్కడే, కాకపోతే వాళ్లకి ఎందుకో చెప్పడం రాదు.

తెలుగు అర కుడి గోడకి ఉంది. ఇక్కడ మేష్టారి చదువు కనిపిస్తుంది. పైన కాశీమజిలీ కథలు. మధిర సుబ్బన్న దీక్షితులు రాజమండ్రిలో కూచుని 12 భాగాలుగా రాసిన ఈ కథలకి ఊతం ఒక ప్రయాణం. మణిసిద్ధుడనే యతి కాశీకి బయల్దేరతాడు, వెంట ఒక గొల్ల కుర్రాడు. మజిలీ మజిలీకీ కుర్రాడు ఏదో వింత చూసొచ్చి దాని సంగతి చెప్పమంటాడు. యతి తన దగ్గరున్న మణి మహిమతో తెలుసుకుని చెబుతాడు. లోపలి కథలు చాలావరకు అంతకుముందు నుంచీ జనంలో ఉన్నవే. దారం లాంటి ఆ ప్రయాణం వాటిని ఒక్క చోట బిగించింది.

దాని పక్కనే పాతాళ భైరవి కథ, వెండితెర నవలగా. చీటీ మీద ‘కాశీమజిలీ + అల్లావుద్దీన్’ అని రాశారు. ఇది సరైన చీటీ. మాంత్రికుడికి సాహసవంతుడైన కుర్రాడు కావాలి, గుహలోని వస్తువు తెప్పించుకోవాలి, తర్వాత వాణ్ని వదిలించుకోవాలి: ఇంతవరకు అల్లావుద్దీనే. 1951 నాటి సినిమాలో మారింది ఏమిటి? దీపం పోయి అమ్మవారి బొమ్మ వచ్చింది. వస్తువు కోసం లోపలికి దిగడంతో సరిపోదు, బలి ఇవ్వాలి. ఆ బలి ఎవరన్న దగ్గర కథ తిరగబడి, బలి ఇవ్వబోయినవాడే బలైపోతాడు. హీరో తోటరాముడు బొమ్మ చేతిలో ఉన్నంతసేపే ధనవంతుడు, చెయ్యి దాటితే మళ్లీ తోటమాలి కొడుకే. ఈ కట్టుబాటు మీదే రెండో సగం నడుస్తుంది. ఇంకో ముక్క కూడా చీటీలో చేర్చవచ్చు. అల్లావుద్దీన్ కథ అరేబియన్ రాత్రుల పాత అరబ్బీ ప్రతుల్లో లేదు. అలెప్పో నుంచి వచ్చిన హన్నా దియాబ్ చెబితే విని, పారిస్‌లో ఆంత్వాన్ గలాన్ తన ఫ్రెంచి సంపుటాల్లో చేర్చాడు. మనం ఎరువు తెచ్చుకున్న కథే అప్పటికి ఒక ఎరువు సొమ్ము.

కింది అరలో చందమామ సీరియళ్ల బైండ్లు. పాత సంచికల్లోంచి సీరియల్ పేజీలు కోసి కుట్టుకోవడం మన ఇళ్లలో ఒకప్పుడు మామూలు. దాసరి సుబ్రహ్మణ్యం రాసిన శిథిలాలయం, మాయా సరోవరం ఇలాగే ఉన్నాయి, చిత్రకారుడు చిత్రా వేసిన బొమ్మలతో సహా. ఇంగ్లీషు పుస్తకాలు మాత్రమే చదివిన పిల్లకి ఇవి ఇచ్చి చూడండి. ఒక్కడే హీరో, వాడి నుదుట రాసిపెట్టిన జోస్యం అన్న అచ్చు ఇక్కడ ఉండదు. శిథిలాలయంలో శిఖిముఖి, విక్రమకేసరి. మాయా సరోవరంలో జయశీలుడు, సిద్ధసాధకుడు. ఎప్పుడూ జంటే. కథ వాళ్లిద్దరి మాటల మధ్య నడుస్తుంది, ప్రతి నెలా భాగం చివర కొత్త గండం. నెల నెలా చదివే పాఠకుడి కోసం కట్టిన కథ కాబట్టి ఒక్క బిగిని చదివితే కొంచెం అలసట వస్తుంది. రోజుకి రెండు మూడు భాగాలు చాలు.

బేతాళ కథల బైండ్ మీద చీటీ చిన్నదే గానీ చాలా మంచిది: ‘చెట్టు, శవం, ప్రశ్న పాతవి. కథలు కొత్తవి.’ పదకొండో శతాబ్దంలో సోమదేవుడి కథాసరిత్సాగరంలో ఉన్న బేతాళ కథలు పాతికే. చందమామ ఆ చట్రాన్ని మాత్రం ఉంచుకుని, అందులో దశాబ్దాల పాటు కొత్త కథలు పోసింది. పిల్లలు రచన నేర్చుకోవాలంటే ఈ పద్ధతి పనికొస్తుంది.

‘తలుపు దాటితే’ అర చిన్నది, నార్నియా చుట్టూ తిరుగుతుంది. బట్టల బీరువాలోంచి వేరే లోకంలోకి వెళ్లడం 1950 నాటి ఆ పుస్తకానికన్నా ముందే, 1908లో ఈడిత్ నెస్బిట్ కథలో ఉందన్న సంగతి చీటీలో రాయడం బాగుంది. ‘నిప్పు కక్కే పాములు’ అర బలహీనం. హాబిట్ ఉంది, దాంట్లో డ్రాగన్ గుహలోంచి గిన్నె దొంగతనం బేవుల్ఫ్ అనే పాత ఇంగ్లీషు కావ్యం నుంచి, మరుగుజ్జుల పేర్లు పాత నార్స్ పద్యం నుంచి వచ్చాయని చీటీ చెబుతుంది. ఎరగాన్ నాలుగు భాగాలూ ఉన్నాయి. మొదటిది మొదలుపెట్టినప్పుడు రచయిత పావొలీనికి పదిహేనేళ్లు. 2002లో ఇంట్లోవాళ్లే అచ్చు వేసుకున్నారు, 2003లో పెద్ద పబ్లిషర్ తీసుకున్నాడు. పొలం దగ్గర పెరిగిన కుర్రాడు, ముసలి గురువు, చెరలో ఉన్న రాకుమారి అన్న వరస స్టార్ వార్స్‌ది. అసలు పేరు తెలిస్తే దాని మీద పట్టు దొరుకుతుందన్న సూత్రం ఎర్త్‌సీలో ఉన్నదే. అతుకులు బయటికి కనబడతాయి, నిజమే. రాయాలన్న కోరికున్న పిల్లలకి సరిగ్గా అందుకే ఈ పుస్తకం ఇవ్వండి. ఒక కుర్రాడు తనకి ఇష్టమైనవన్నీ ఒక చోట పేర్చి కథ నిలబెట్టడం ఎలా నేర్చుకున్నాడో పేజీ పేజీకీ కనిపిస్తుంది.

‘మనవే’ అన్న అరలో రోషనీ చోక్షీ రాసిన ‘ఆరు షా’ అనే అమ్మాయి కథల పుస్తకాలున్నాయి. 2018లో మొదలైన 5 భాగాలు. పెర్సీ జాక్సన్ కథలు రాసిన రిక్ రియోర్డన్ పేరు మీద వచ్చే వరసలోవి. పాండవులు ఈ కాలంలో ఆడపిల్లలుగా పుట్టి అమెరికాలో ఉంటారు. నడక, హాస్యం పెర్సీ జాక్సన్ నుంచి వచ్చాయి. అక్కడ గ్రీకు దేవతలంటే తెలియని పిల్లలకి చెప్పినట్టు ఇక్కడ మన దేవతల గురించి చెబుతుంది. అందుకని నాయనమ్మ దగ్గర భారతం విన్న పిల్లకి మొదటి వంద పేజీల్లో వివరణలు ఎక్కువనిపిస్తాయి. ఓపిక పట్టి దాటిస్తే తర్వాత సాఫీగా పోతుంది.

ఇదే అరలో దగ్గర్లో అచ్చయిన తెలుగు పిల్లల నవల ఒకటి ఉంది. పేరు చెప్పి రచయితని నొప్పించడం అనవసరం. లంకలో ఉండే కుర్రాడికి గుడ్లగూబ ఉత్తరం తెస్తుంది. వాడు సంతోషంగా చదువుకుని మాయల బడికి వెళ్లిపోతాడు, అక్కడ మంచు కురుస్తూ ఉంటుంది. కోనసీమలో ఒక ఇంటి కప్పు మీద గుడ్లగూబ వాలితే ఏమవుతుంది? ముసలావిడ ముందు తలుపు మూస్తుంది. కీడని దిష్టి తీస్తుంది. మర్నాడు ఊళ్లో ఆ ఇంటి గురించి మాట్లాడుకుంటారు. ఆ కుర్రాడు ఉత్తరం కోసం అందరికీ భయమైన పిట్ట దగ్గరికి ఒంటరిగా వెళ్లాల్సొస్తుంది. కథ అక్కడే పుట్టాల్సింది, రచయిత దాన్ని దాటి వెళ్లిపోయాడు. దసరాకి పాలపిట్టని చూస్తే శుభమనుకునే ఊళ్లో ఏ పిట్ట ఏం తెస్తుందన్నది పెద్ద సంగతి. అలాగే మంచు ఎందుకు? పోటుకి పైకొచ్చే ఉప్పునీరు, వరదకి ఏడాదికో చోట మారే ఇసక మేట, రాత్రికి రాత్రి ఏట్లో కలిసిపోయే గట్టు, ఇవి చాలవా ఒక మాయాలోకానికి? పోటర్ చదివి రాయడంలో ఏ తప్పూ లేదు. ఆ పిట్టని ఇక్కడి కప్పు మీద వాలనివ్వకపోవడమే లోపం.

పుస్తకాల స్థితి గురించి. ఆగస్టు నుంచి నవంబరు దాకా ఈ ప్రాంతపు తేమకి కాగితం అలలు తేలుతుంది. అట్టకి జిగురుతో మాత్రమే అంటించిన లావు పేపర్‌బ్యాకులు నడుము దగ్గర విరిగి, మధ్య పేజీలు ఊడతాయి. మేష్టారు అలాంటివాటిని విప్పించి కుట్టు బైండింగ్ వేయించారు. ఇది చాలా ఖర్చుతో కూడిన పని, ఆయన్ని మెచ్చుకోవాలి. ఒక ఇబ్బంది: కుట్టు లోపలికి రావడంతో లైన్ల మొదటి అక్షరాలు మడతలో పడిపోయాయి. లావు పుస్తకాన్ని పూర్తిగా వెనక్కి విరిచి చదవాలని చూస్తే దారం తెగుతుంది. బల్ల మీద పెట్టి చదవమనండి. అట్టల జిగురు మైదాతో కాచినదే, పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలుపుతారు. అంచులు నీలంగా ఉన్న చోట చిన్న పిల్లలు వేలు తడి చేసుకుని పేజీ తిప్పకూడదు. పుస్తకం ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి.

దొంగ అచ్చు ప్రతులు కూడా ర్యాకుల్లో కలిసి ఉన్నాయి. ఇది ఈ కొట్టులో పెద్ద లోపం. ఏ కథ ఎవరిదో అంత శ్రద్ధగా రాసే చోట ఇవి ఉండకూడదు. గుర్తుపట్టడం కష్టం కాదు. కాగితం బూడిదరంగులో పల్చగా ఉండి అవతలి పేజీ అక్షరాలు కనిపిస్తాయి. అక్షరాల అంచులు జిరాక్సులా అలుక్కుని ఉంటాయి. మార్జిన్ ఒక పేజీకీ ఇంకో పేజీకీ వంకర. అట్ట మీద పేరు ఉబ్బెత్తుగా ఉండాల్సింది చదునుగా ఉంటుంది. అన్నిటికన్నా చిక్కు ఏమిటంటే వీటిలో ఫారాలు తప్పిపోతాయి. ఫారం అంటే 16 పేజీలు, అన్నీ ఒకేసారి మాయమవుతాయి, లేదా ఒకే ఫారం రెండుసార్లు కుట్టి ఉంటుంది. అద్దె కట్టేముందు మధ్యలో నాలుగైదు చోట్ల పేజీ నంబర్లు వరసగా ఉన్నాయేమో తిప్పి చూడండి. లేకపోతే పన్నెండో అధ్యాయంలో గుహలో ఉన్నవాళ్లు పేజీ తిప్పేసరికి పడవలో ఉంటారు.

బ్రౌన్ పేపర్ అట్టల వల్ల అన్నీ ఒకేలా కనబడతాయి, వెన్ను మీద నంబరు తప్ప పేరుండదు. అయితే అడిగితే చాలు. “మేష్టారూ, ప్రాణం చిలకలో ఉంటాదే, అలాంటిది ఇంకోటి ఉందాండీ?” అని పిల్ల అడిగితే “ఆయ్, ఉందండి. రెండో అర, ఎడంచేతి పక్క. ముందు పల్చంది చదవండి, లావుది తర్వాత” అని కుర్చీలోంచి లేవకుండానే చెబుతారు. పదేళ్ల పిల్లని అండీ అని పిలిచే ఆ మర్యాద కోసమైనా వెళ్లొచ్చు.

ఏది ముందు ఇవ్వాలంటే: పది, పదకొండేళ్లకి బాలనాగమ్మ, పాతాళ భైరవి, తర్వాత పోటర్ మొదటి మూడు భాగాలు. పన్నెండు దాటాక చందమామ సీరియళ్లు, ఆరు షా. ఎర్త్‌సీని పదమూడుకి ముందు ఇవ్వకండి. భాష కష్టమని కాదు, తప్పు చేసినవాడు ఆ తప్పుని తన పేరుతోనే పిలవాల్సొచ్చే ముగింపు అంతకన్నా చిన్నవాళ్లకి అందదు. పోటర్ ఆరు, ఏడు భాగాలు ఇచ్చేటప్పుడు బాలనాగమ్మ మళ్లీ ఒకసారి ఇవ్వండి. అప్పుడు చదివితే అది వేరే పుస్తకం.

మాయా సరోవరం బైండ్‌లో మధ్యలో రెండు నెలల భాగాలు లేవు, సరిగ్గా గండం తెగే చోట. మేష్టారు ఆ జాగాలో రెండు తెల్ల కాగితాలు కుట్టించి ఉంచారు. ఇంట్లో అటక మీద పాత చందమామలున్నవాళ్లు ఒకసారి దించి చూడండి. ఆ సంచికలు అమ్మినా సరే, అరువిచ్చినా సరే తీసుకుంటారు. మంగళవారం నుంచి ఆదివారం దాకా, సాయంత్రం నాలుగున్నర తర్వాత ఆయన కొట్టులోనే ఉంటారు.